రక్తం చిక్కబడింది, ఐరన్ అడుగంటింది

భీమవరం దగ్గరి ఒక ఊరి నుంచి ఒక రొయ్యల రైతు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దని కింద గీత గీసి మరీ రాశారు కాబట్టి వేయడం లేదు. వయసు 48. ఐదేళ్ళ కిందట మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉందని ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీశారు. ఆ తర్వాత ఒంట్లో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ బాగా పడిపోయిందని తేలింది. అప్పటి నుంచి రెండు వారాలకోసారి 250 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ చేయించుకుంటున్నారు, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటున్నారు. ఇంజెక్షన్లు మొదలైన కొత్తలో ప్రాణం లేచొచ్చినట్టు అనిపించిందట. ఏడాది తిరిగేసరికి సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్షలో పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 55 వచ్చింది. 'రక్తం చిక్కబడింది, ఎక్కడైనా ఇచ్చేయండి' అన్నారు డాక్టరు. అప్పటి నుంచి మూణ్ణెల్లకోసారి రక్తదానం చేస్తున్నారు. సినిమా హీరో పుట్టినరోజుకి అభిమాన సంఘం క్యాంపు పెడితే మొదటి మంచం ఈయనదే. వచ్చే క్యాంపులో సన్మానం కూడా పెట్టుకున్నారు.

ఇప్పుడు సంగతేమిటంటే, చెరువు గట్టు మీద ఒక చుట్టు తిరిగితే ఆయాసం వస్తోంది. దువ్వెనకు జుట్టు ఊడి వస్తోంది. రాత్రి పడుకుంటే పిక్కలు లాగేస్తున్నాయి, లేచి నాలుగడుగులు వేస్తే గానీ సర్దుకోవడం లేదు. గురక ఎక్కువైందని భార్య అంటున్నారు. ఇంకో మాట కాస్త మొహమాటంగా రాశారు: చొక్కా జేబులో గుప్పెడు పచ్చి బియ్యం పోసుకుని, ఏరియేటర్ల దగ్గర కాపలా ఉన్నంతసేపూ నములుతూనే ఉంటున్నారట. మానాలంటే మనసు లాగుతోందట.

పరీక్షల్లో హిమోగ్లోబిన్ 16.1, పీసీవీ 53, ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 75, ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 9. ఒక డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. ఇంకొకరు 'హిమోగ్లోబిన్ పదహారు ఉన్న మనిషికి ఐరనేంటి' అని కొట్టిపారేశారు. ఊళ్ళో ఆర్ఎంపీ 'ఒక ఐరన్ బాటిల్ ఎక్కించేద్దాం, లేచి కూర్చుంటారు' అంటున్నారు. ఇంజెక్షన్ల సంగతి భార్యకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒంట్లో రక్తమంతా ఊరికి పోసేస్తున్నాడని తల్లి రోజూ గొడవ. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, ఈ మగతనం ఇంజెక్షన్ మాట బయటికి పొక్కితే ఏమంటారోనని భయం. ఉత్తరం చివర ఇలా అడిగారు: "ఒంట్లో రక్తం ఎక్కువైందంటారు, ఐరన్ లేదంటారు. రెండూ ఒకే ఒంట్లో ఎలా ఉంటాయండీ? ఐరన్ వేసుకోవాలా, మానాలా? రక్తం ఇవ్వాలా, మానాలా? మానితే జనానికి ఏం చెప్పుకోవాలండీ?"

ఉంటాయండి, రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి. టెస్టోస్టిరాన్ వాడుతూ వరసగా రక్తం ఇస్తున్నవారిలో ఇది రావడం సహజం కూడా. మీకు మాత్రలు రాసిన డాక్టరు చెప్పినదాంట్లో సగం నిజముంది, కొట్టిపారేసినాయన మాటలో మిగతా సగముంది. ఆ బాటిల్ మాత్రం ఇప్పుడు ఎక్కించుకోవద్దు. ఎందుకో చెబుతాను.

టెస్టోస్టిరాన్ ఎముక మజ్జను తొందరపెడుతుంది. ఎర్రకణాలు తయారుచెయ్యమని చెప్పే ఎరిత్రోపొయటిన్ హార్మోన్ను పెంచుతుంది, హెప్సిడిన్ను తగ్గిస్తుంది. ఐరన్ నిల్వల్లోంచి బయటికి రాకుండా, పేగుల్లోంచి ఒంట్లోకి ఎక్కువ చేరకుండా చూసేది ఈ హెప్సిడిన్. అది తగ్గిందంటే నిల్వలో ఉన్న ఐరన్ అంతా బయటికొచ్చి కొత్త కణాల్లోకి పోతుంది. అందుకని రక్తం ఒక్క చుక్క పోకపోయినా, ఈ ఇంజెక్షన్ల మీద ఉన్నవారి ఫెర్రిటిన్ కొంత తగ్గుతుంది. మీరు దానికి తోడు రక్తం ఇస్తూ వచ్చారు.

లెక్క చూడండి. ఒకసారి 450 మిల్లీలీటర్ల రక్తం ఇస్తే దాంతో పాటు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడి ఒంట్లో నిల్వ ఉండే ఐరనే సుమారు ఒక గ్రాము. ఏడాదికి నాలుగుసార్లు ఇస్తే ఇంచుమించు ఆ నిల్వంతా పోయినట్టే. తిండి ద్వారా రోజుకు ఒంటికి పట్టేది మామూలుగా ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఇక పూడేది ఎలా?

మామూలు దాతకు ఇక్కడ ఒక కాపలా ఉంటుంది. బ్లడ్ బ్యాంకులో హిమోగ్లోబిన్ 12.5 లేకపోతే రక్తం తీసుకోరు, ఐరన్ తగ్గిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు అక్కడ ఆగిపోతాడు. ఇంజెక్షన్ మీ హిమోగ్లోబిన్ను పైకి నెట్టి ఉంచింది గనక మీరు ప్రతిసారీ ఆ పరీక్ష దాటేశారు. ఫెర్రిటిన్ అక్కడ చూడరు. మిమ్మల్ని ఎవరూ ఆపకపోవడానికి కారణం ఇదే.

ఆ రిపోర్టు నాకు చెబుతున్నది ఏమిటంటే, మీ ఎర్రకణాల సంఖ్య ఎక్కువ, ఒక్కొక్క కణం మాత్రం చిన్నది. ఎంసీవీ 80కి పైన ఉండాలి, మీది 75. ఫెర్రిటిన్ 30 లోపుంటేనే ఐరన్ లోపం అనుకుంటాం, 9 అంటే నిల్వ అడుగంటినట్టు. ఆపరేషన్ నాటి సీబీపీ కాగితం ఇంట్లో ఉంటే ఎంసీవీ ఎంతుందో చూడండి. అప్పుడు మామూలుగా ఉండి ఇప్పుడు తగ్గితే అది ఐరన్ వల్లే. అప్పుడు కూడా తక్కువే ఉంటే పుట్టుకతోనే ఎర్రకణాలు చిన్నగా ఉండే తలసీమియా లక్షణం ఉందేమో కూడా చూడాలి, దానికి వేరే పరీక్ష ఉంది.

కండరాలకీ మెదడుకీ కూడా ఐరన్ కావాలి. హిమోగ్లోబిన్ నిండుగా ఉన్నా ఐరన్ లేకపోతే నీరసం, పిక్కలు లాగడం, జుట్టు ఊడటం ఉంటాయి. బియ్యం సంగతికి సిగ్గుపడకండి. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం ఐరన్ లోపానికి బాగా తెలిసిన లక్షణం. మన జిల్లాల్లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళలో చూస్తుంటాం, మగవాళ్ళు చెప్పుకోరు. మీరు చెప్పి మంచిపని చేశారు. ఐరన్ ఒంటికి పట్టడం మొదలైతే ఆ యావ చాలామందిలో త్వరగానే పోతుంది.

మరి ఐరన్ వేసేసుకోవచ్చు కదా అంటే, అక్కడే చిక్కుంది. ఇప్పుడు మీ పీసీవీ 53 దగ్గర ఆగడానికి ఒక కారణం మజ్జకు ఐరన్ దొరకకపోవడమే. ఇంజెక్షన్ మోతాదు అలాగే ఉంచి పెద్ద మోతాదులో ఐరన్ ఇస్తే మజ్జ మళ్ళీ జోరందుకుంటుంది. టెస్టోస్టిరాన్ వాడేవారిలో 54 దాటితే మందు ఆపాలి, తగ్గాక తక్కువ మోతాదులో మొదలుపెట్టాలి అన్నది ఎండోక్రైన్ (హార్మోన్ల) వైద్యుల మార్గదర్శకం. అంతకన్నా చిక్కబడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందన్నదే వాళ్ళ భయం. సెలైన్లో ఐరన్ ఎక్కిస్తే వందల మిల్లీగ్రాములు ఒక్కసారే లోపలికి పోతాయి, పీసీవీ ఎంతకు పోతుందో చూసుకునే వ్యవధి కూడా ఉండదు. బాటిల్ వద్దన్నది అందుకే.

రక్తం ఇస్తూ పోవడం ఎలాంటిదంటే, చెరువుకి మోటారు కట్టెయ్యకుండా తూము తీసి నీటిమట్టం దించాలని చూడటం లాంటిది. అప్పటికి దిగుతుంది, మళ్ళీ నిండుతుంది, ఈలోపు ఐరన్ కొట్టుకుపోతుంది. అందుకే చూడాల్సింది ముందు ఇంజెక్షన్ని.

ఇక దారులు. ఇవి మీ ఎండోక్రైనాలజిస్టు ముందు పెట్టి మాట్లాడాల్సినవి. భీమవరంలో దొరక్కపోతే ఏలూరో, రాజమండ్రో, కాకినాడో వెళ్ళండి, ఒక్క పూట పని.

మొదటిది, నాకు ఎక్కువ మొగ్గున్నది: మందు మానకుండా ఇచ్చే తీరు మార్చడం. రెండు వారాలకోసారి 250 అంటే మొదటి రెండు మూడు రోజులు రక్తంలో మందు ఆకాశానికి పోయి, రెండో వారం చివరికి నేలకు దిగుతుంది. ఆ ఎత్తులే పీసీవీని ఎక్కువగా పెంచుతాయి. అదే మందును సగం చేసి వారం వారం తీసుకోవచ్చు, లేదా మొత్తం మోతాదే తగ్గించవచ్చు. ఎంత తగ్గించాలో తెలియాలంటే రెండు ఇంజెక్షన్ల నడుమ, ఏడో రోజున టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించాలి. మీ ఉత్తరంలో ఆ అంకె ఎక్కడా లేదు, అంటే చాలాకాలంగా చూసుకోలేదేమో. జెల్‌తో పీసీవీ పెరగడం ఇంజెక్షన్ల కంటే తక్కువే. కానీ మీది చెరువు పని, రాసుకున్నాక కొన్ని గంటలు ఒళ్ళు తడవకూడదు. ఆ చర్మం ఆడవాళ్ళకీ పిల్లలకీ తగలకూడదు, ఆరాక బట్టతో కప్పి ఉంచాలి. తెల్లారకుండా నీళ్ళలోకి దిగే మనిషికి ఇది కుదురుతుందో లేదో మీరే చూసుకోండి. పది నుంచి పధ్నాలుగు వారాలకోసారి వేసే 1000 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కూడా ఉంది, దాంతో హెచ్చుతగ్గులు తక్కువ. అది మాత్రం ఆస్పత్రిలోనే నిదానంగా వేయించుకుని అరగంట అక్కడే కూర్చోవాలి, ఇంటి దగ్గర వేయించుకునేది కాదు. ఈ దారిలో వచ్చే ఇబ్బంది ఓపిక. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, మార్పు పూర్తిగా తెలియడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

రెండోది, తీరు మార్చడంతో పాటే ఐరన్ని చిన్న మోతాదులో మొదలుపెట్టడం. నీరసం, నిద్ర లేకపోవడం భరించలేనంతగా ఉంటే ఇది సబబు. రోజు విడిచి రోజు ఒక మాత్ర. రోజుకు రెండు మూడు వేసుకుంటే ఎక్కువ పడుతుందనుకోకండి. ఒక మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ ఒకరోజు పాటు పెరిగి ఉంటుంది, మర్నాటి మాత్ర సరిగా పట్టదు. మూడు నాలుగు వారాలకోసారి సీబీపీ తప్పనిసరి. పీసీవీ 54 వైపు పోతుంటే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. పరీక్షలకు క్రమం తప్పకుండా వెళ్ళగలననుకుంటేనే ఈ దారి పట్టండి. పట్టుబడుల సీజన్లో నెలల తరబడి కుదరదంటే మాత్రం మొదటి దారిలోనే ఆగి, పీసీవీ దిగాక ఐరన్ మొదలుపెట్టడం క్షేమం.

మూడోది టెస్టోస్టిరాన్ కొన్నాళ్ళు పూర్తిగా ఆపడం. పీసీవీ దిగుతుంది, నిజమే. మీది వయసుతో కొంచెం తగ్గిన కేసు కాదు, గ్రంథికే ఆపరేషన్ అయింది. ఆపితే ఒంట్లో తనంతట తయారయ్యేది దాదాపు ఉండకపోవచ్చు. నీరసం, చిరాకు, ఒంట్లో ఆవిర్లు తిరిగి వస్తాయి, ఎక్కువకాలమైతే ఎముకలు బలహీనపడతాయి. 54 దాటితే తప్ప ఈ దారి అక్కర్లేదు, అదీ డాక్టరు చెబితేనే.

ఇప్పటిలాగే రక్తం ఇస్తూ ఉండటం గురించి పైనే చెప్పాను. ఫెర్రిటిన్ 9 ఉన్న మనిషి ఇక ఇవ్వకూడదు. ఎప్పుడైనా పీసీవీ బాగా పెరిగి అత్యవసరంగా తీయాల్సివస్తే అది ఆస్పత్రిలో, డాక్టరు చీటీ మీద జరగాల్సిన వైద్యం. ఇంకొక మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. క్యాంపులో ఇచ్చే ఫారంలో ఏ మందులు వాడుతున్నారని అడుగుతారు. అక్కడ మీరు 'లేవు' అనే రాసి ఉంటారని అనుకుంటున్నాను. మీ రక్తం పనికొస్తుందా లేదా అన్నది బ్లడ్ బ్యాంకు డాక్టరు తేల్చాలి, ఆయనకు నిజం తెలియాలి. రక్తం ఎక్కించుకునేవాడి పట్ల మనకు ఆ బాధ్యత ఉంది.

నీరసాన్నంతా ఐరన్ ఖాతాలో వేసెయ్యకండి. ఉత్తరం చదువుతుంటే నాకు ముందు కలిగిన ఆందోళన ఇదే. పిట్యూటరీ ఆపరేషన్ అయినవారికి థైరాయిడ్ మోతాదు సరిపోతోందా లేదా అన్నది టీఎస్‌హెచ్ చూసి చెప్పలేం, అది పిట్యూటరీయే పంపేది. థైరాయిడ్ హార్మోన్నే కొలిచే ఫ్రీ టీ4 చూడాలి. మీరు ఏ పరీక్ష చేయిస్తున్నారో రాయలేదు. జబ్బును తట్టుకోవడానికి ఒంటికి కావాల్సిన హార్మోన్ కార్టిజోల్, దాని పరీక్ష పొద్దున్న ఎనిమిదింటికి చేయించి ఎన్నాళ్ళయింది? అది తక్కువగా ఉంటే నీరసం, తల తిరగడం, ఆకలి చచ్చిపోవడం ఉంటాయి, జ్వరమో విరేచనాలో వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఐరన్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది.

గురక కూడా ఊరికే పోనివ్వొద్దు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉంటే అదొక్కటే పీసీవీని పెంచుతుంది, టెస్టోస్టిరాన్ దాన్ని ఎక్కువ చేయవచ్చు. రాత్రి ఊపిరి ఆగినట్టుండి ఒక్కసారి గుర్రుమని లేస్తున్నారేమో మీ ఆవిడని అడగండి. సిగరెట్టు, చుట్ట ఉంటే అవీ పెంచేవే. రక్తపరీక్షకు వెళ్ళే ముందు నీళ్ళు బాగా తాగండి. ఎండలో చెమటోడ్చి సరాసరి ల్యాబుకు పోతే పీసీవీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఐరన్ పోవడానికి రక్తదానం చాలినంత కారణమే. అయినా ఈ వయసులో ఇంకెక్కడా పోవడం లేదని చూసుకోవాలి. మొలలున్నాయా, విరేచనం నల్లగా పోతోందా, నడుం నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి తరచూ మింగుతున్నారా, గ్యాస్ మాత్ర రోజూ వేస్తున్నారా. నొప్పి మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, గ్యాస్ మాత్రలు ఐరన్ని పట్టనివ్వవు. తడి నేలలో చెప్పుల్లేకుండా తిరిగేవారికి కొంకి పురుగులు పడతాయి, అవి పేగుకు పట్టుకుని రక్తం పీలుస్తాయి. మలపరీక్షలో తెలుస్తుంది, మందు చవక. రక్తదానం ఆపి ఐరన్ వేసుకున్నా ఫెర్రిటిన్ లేవకపోతే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించాల్సిందే.

ఐరన్ మాత్ర వేసుకోవడం మొదలుపెడితే ఖాళీ కడుపున, నిమ్మరసంతోనో జామకాయతోనో. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలతో వద్దు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర సరిగా పట్టదు. కాబట్టి మీకు సాయంత్రమే అనువు. విరేచనం నల్లబడితే కంగారుపడకండి, మాత్ర వల్లే. మాత్ర మొదలుపెట్టక ముందే నల్లగా ఉంటే మాత్రం చెప్పాలి.

అమ్మగారు వండిపెడుతున్న మేక కార్జం వేపుడు, చేపల పులుసు కాదనకుండా తినండి. మాంసంలో ఐరన్ ఆకుకూరల్లో ఐరన్ కన్నా బాగా పడుతుంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి. బెల్లం, ఖర్జూరం సిరప్ మీదే ఆధారపడితే ఈ లోటు పూడదు. తిండి వల్ల పీసీవీ ఉన్నట్టుండి పెరిగిపోతుందన్న భయం అక్కర్లేదు, అది మెల్లగా పట్టేది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి.

ఇక జనానికి ఏం చెప్పాలన్నది. 'ఐరన్ బాగా తగ్గింది, డాక్టరు ఇవ్వొద్దన్నారు' అనండి. అది అక్షరాలా నిజం, అంతకుమించి ఎవరికీ చెప్పే అవసరం లేదు. మూణ్ణెల్లకోసారి ఇచ్చే దాతకు ఐరన్ తగ్గడం అందరికీ అర్థమయ్యేదే. ఆ మాట మీ నోటి నుంచి వింటే మిగతా కుర్రాళ్ళు కూడా ఫెర్రిటిన్ చూపించుకుంటారు. సన్మానం వద్దనుకుంటే వద్దని చెప్పండి. ఒప్పుకుంటే ఆ వేదిక మీదే ఈ సంగతి చెప్పొచ్చు. క్యాంపు నడపడానికి, దాతల్ని తీసుకురావడానికి మీలాంటి మనిషి కావాలి, దానికి రక్తమే ఇవ్వక్కర్లేదు.

అమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే రోజూ ఆ గొడవ ఉంటుంది, రక్తం ఆపేశారని తెలిస్తే అది సగం తగ్గుతుంది. చెప్పాలనుకుంటే 'తలలో గడ్డ తీసినప్పుడు గ్రంథి దెబ్బతింది, థైరాయిడ్‌కి మాత్ర వేసుకున్నట్టే దీనికి ఇంజెక్షన్' అనండి, ఆపరేషన్ సంగతి ఆవిడకు తెలియనిది కాదు కదా. అది మగతనం ఇంజెక్షన్ అన్న మాట ముందు మీరు మానెయ్యాలి. గ్రంథి తయారుచెయ్యలేని హార్మోన్ను బయటి నుంచి ఇస్తున్నారు, ఇందులో తలవంపులు లేవు. పిట్యూటరీ గడ్డల్లో చాలా భాగం వంశపారంపర్యంగా వచ్చేవి కావు, అమ్మాయి సంబంధానికి దీనికీ ముడి లేదు. ఇంజెక్షన్ వేసే ఆర్ఎంపీకి మాత్రం మోతాదు మారిన చీటీ ఇచ్చి, మీ నోటితో కూడా చెప్పండి.

ఈ వారంలో ఫ్రీ టీ4, పొద్దుటి కార్టిజోల్, ఏడో రోజు టెస్టోస్టిరాన్, సీబీపీ, ఐరన్ ప్రొఫైల్, మలపరీక్ష చేయించి, పాత కాగితాలతో సహా ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు వెళ్ళండి. ఈలోపు ఛాతీలో నొప్పి, ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు ఉన్నట్టుండి మసకబారడం, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టడం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళండి, టెస్టోస్టిరాన్ వాడుతున్నానని అక్కడి డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.